మహిళా ఓటు హక్కు స్మరణ: కమ్యూనిటీ కాలేజీల్లో పోస్టర్లకు అవతల చేయాల్సింది

ఆగస్టు 26 వస్తోందంటే అమెరికా కమ్యూనిటీ కాలేజీల (స్థానికుల కోసం రెండేళ్ల కోర్సులు నడిపే ప్రభుత్వ కాలేజీల) లైబ్రరీల్లో ఊదా, తెలుపు, బంగారు రంగుల పోస్టర్లు వెలుస్తాయి. 1920లో ఆ రోజే విదేశాంగ మంత్రి బెయిన్‌బ్రిడ్జ్ కోల్బీ 19వ రాజ్యాంగ సవరణను ధ్రువీకరిస్తూ సంతకం చేశారు. 'అమెరికా స్త్రీలందరికీ ఓటు వచ్చిన రోజు' అని పోస్టర్ల మీద రాయడం ఆనవాయితీ అయింది. ఆ వాక్యంలో 'అందరికీ' అన్నది నిజం కాదు. స్త్రీ అన్న కారణంతో ఓటు నిరాకరించకూడదని మాత్రమే ఆ సవరణ చెప్పింది. చదువు రాదనో, పోల్ టాక్స్ (ఓటేయడానికి కట్టాల్సిన పన్ను) కట్టలేదనో, పౌరసత్వానికి అర్హత లేదనో నిరాకరించే దారులు అలాగే మిగిలాయి.

వేరే కాలేజీల సంగతి ఎలా ఉన్నా, కమ్యూనిటీ కాలేజీ ఈ తేడాను దాటవేయకూడదు. అక్కడి తరగతి గదుల్లో పగలు ఉద్యోగం చేసి సాయంత్రం చదువుకునే తల్లులు, వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, నల్లజాతి విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉంటారు. 1920 దగ్గర కథ ఆపేస్తే వీళ్లలో చాలామంది పూర్వీకుల చరిత్ర అందులో ఉండదు.

టెనెసీ శాసనసభ ఘట్టం చెప్పాల్సిందే. సవరణ ఆమోదానికి 48 రాష్ట్రాల్లో 36 కావాలి. ముప్ఫై ఆరోది టెనెసీ. ఇరవై నాలుగేళ్ల సభ్యుడు హ్యారీ బర్న్, తల్లి ఫెబ్ బర్న్ రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చి, చివరి నిమిషంలో అనుకూలంగా ఓటేశాడు. అయితే ప్రదర్శనలో బర్న్ ఫొటో పక్కనే ఓ మహిళ ఫొటో ఉండాలి. మేబుల్ పింగ్ హువా లీ 1912లో పదహారేళ్ల వయసులో న్యూయార్క్ ఓటు హక్కు ఊరేగింపులో గుర్రమెక్కి ముందు నడిచింది. 1917లో న్యూయార్క్ స్త్రీలకు ఓటు వచ్చినా ఆమెకు రాలేదు. చైనీయులను పౌరసత్వానికి దూరం పెట్టిన చట్టం 1943 దాకా రద్దు కాలేదు.

భారతీయుల కథ కూడా ఇక్కడిదే. పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో సుప్రీంకోర్టు భారతీయులు 'శ్వేతజాతీయులు' కారని తేల్చి, పౌరసత్వం పొందే దారి మూసేసింది. అది 1946లో లూస్-సెల్లర్ చట్టంతో గానీ తెరుచుకోలేదు. ఇంకో అన్యాయం ఎవరూ చెప్పరు. 1922 కేబుల్ చట్టం ప్రకారం పౌరసత్వానికి అనర్హుడైన విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ మహిళ తన పౌరసత్వాన్నే కోల్పోయేది. ఓటు వచ్చిన రెండేళ్లకే, భర్త ఎవరన్న కారణంతో ఆ ఓటు పోయే ఏర్పాటు ఇది. ఆ నిబంధన 1931లో తొలగింది. ఇదే కాలంలో, 1921లో, నాటి కోస్తాంధ్ర, రాయలసీమలు భాగమైన మద్రాస్ ప్రెసిడెన్సీ శాసనమండలి స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. ఆస్తి అర్హత వల్ల అది కూడా కొద్దిమందికే దక్కింది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న కాలేజీ ప్రదర్శనలో 1920, 1921 రెండూ పక్కపక్కన ఉంటే బాగుంటుంది.

అమెరికా దక్షిణాది నల్లజాతి స్త్రీలకు అసలు మలుపు 1965 ఆగస్టు 6న వచ్చిన ఓటింగ్ హక్కుల చట్టం. 1962లో మిసిసిపీలో ఓటరుగా నమోదు కావడానికి వెళ్లినందుకు ఫానీ లూ హేమర్‌ను తోట యజమాని పనిలోంచి, ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. 1965 చట్టం ఇచ్చిన బలమైన రక్షణ ఒకటుంది. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నియమాలు మార్చాలంటే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలి. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన షెల్బీ కౌంటీ తీర్పు ఆ ప్రాంతాలను గుర్తించే సూత్రాన్ని కొట్టేయడంతో అది ఆచరణలో ఆగిపోయింది. ఇంత దగ్గరి తేదీని వదిలేసి పండగ చేయడం సరికాదని నా అభిప్రాయం.

చరిత్ర సరిగ్గా చెప్పినా, ఓటరు నమోదు పని జరగకపోతే కార్యక్రమం సగమే. పొరపాటు తరచూ క్యాలెండర్ దగ్గరే మొదలవుతుంది. చాలా కాలేజీలు మార్చిలో, మహిళా చరిత్ర మాసంలో, పెద్ద కార్యక్రమం పెడతాయి. టెక్సాస్ లాంటి చోట్ల అప్పటికే ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) నమోదు గడువు దాటిపోతుంది. ఆగస్టు 26 అయితే కొత్త సెమిస్టర్ మొదలైన రోజుల్లో వస్తుంది. నవంబరు ఎన్నికకు చాలా రాష్ట్రాల్లో గడువు అక్టోబరు మొదట్లో ఉంటుంది కాబట్టి చేతిలో అయిదారు వారాలు ఉంటాయి. పైగా కేంద్ర నిధులు తీసుకునే ప్రతి కాలేజీ సెప్టెంబరు 17న రాజ్యాంగ దినం జరపాలన్నది చట్టం. ఈ రెండింటినీ వేర్వేరు కమిటీలకు అప్పగించకుండా ఒకే బృందం ఒకే కార్యక్రమంగా నడిపితే మేలు.

కాగితపు ఫారాల విషయంలో జరిగే ఆలస్యం ఇంకా లోతైనది. 1998 ఉన్నత విద్యా చట్ట సవరణ ప్రకారం, కొన్ని రాష్ట్రాలు మినహా, కాలేజీలు విద్యార్థులకు నమోదు ఫారాలు అందించడానికి చిత్తశుద్ధితో ప్రయత్నించాలి. ఆ ఫారాల కోసం గడువుకు 120 రోజుల ముందు రాష్ట్రాన్ని అడగాలి. అక్టోబరు మొదటి వారం నుంచి వెనక్కి లెక్కేస్తే అది జూన్ మొదటి వారం. వేసవి సెలవుల్లో ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోని కాలేజీలో ఆగస్టుకు నమోదు బల్ల ఉంటుంది, ఫారాలు ఉండవు. 2008 నుంచి ఈమెయిల్‌లో పంపినా సరిపోతుంది. కానీ పదిహేను ప్రకటనల మధ్య ఓ లింకు పెట్టి పంపే ఈమెయిల్ వల్ల పెద్దగా ఎవరూ నమోదు కారు.

ఆ చట్టంలో ఒక ఖాళీ కూడా ఉంది. అది డిగ్రీ, సర్టిఫికెట్ కోర్సుల విద్యార్థుల గురించే మాట్లాడుతుంది. ఇంగ్లిష్ నేర్చుకునే తరగతుల్లో, హైస్కూలు సమాన పరీక్ష తరగతుల్లో కూర్చునే వాళ్లు, అంటే చాలావరకు వలస మహిళలు, దాని పరిధిలోకి రారు. వాళ్లలో కొందరు ఈమధ్యే పౌరసత్వ ప్రమాణం చేసి ఉంటారు. వాళ్ల దగ్గరికి కాలేజీయే తనంతట తాను వెళ్లాలి.

బల్ల ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆలోచించాలి. విద్యార్థి కారు ఆపి, క్లాసు విని, నేరుగా ఉద్యోగానికి వెళ్లిపోతాడు. మధ్యాహ్నం పన్నెండుకి లైబ్రరీలో పెట్టిన బల్ల అతని కంట పడదు. అధ్యాపకుల అనుమతితో సాయంత్రం ఆరు గంటల తరగతుల్లో మొదటి పది నిమిషాలు అడగడమే నయం. టెక్సాస్‌లో ఇతరుల ఫారాలు సేకరించాలంటే కౌంటీ (జిల్లా లాంటి పాలనా విభాగం) నియమించిన డిప్యూటీ రిజిస్ట్రార్ అయి ఉండాలి, సేకరించిన ఫారం అయిదు రోజుల్లో అందజేయాలి. మిగతా రాష్ట్రాల నియమాలు వేరు. కౌంటీ ఎన్నికల కార్యాలయంతో ముందే మాట్లాడుకోవాలి.

ఫారాలు తిరస్కరణకు గురయ్యే కారణాలు చిన్నవే. సంతకం మరిచిపోవడం, నివాసానికి బదులు పోస్ట్ బాక్స్ చిరునామా రాయడం, అపార్ట్‌మెంట్ మారినా పాత చిరునామాతోనే ఉండిపోవడం. పుట్టిన తేదీని మనవాళ్లు అలవాటు కొద్దీ రోజు ముందు, నెల తర్వాత రాస్తారు. జులై 8 కాస్తా ఆగస్టు 7 అయిపోయి డ్రైవింగ్ లైసెన్సు రికార్డుతో సరిపోలదు. ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరో పత్రంలో చివర ఉండటం, పెళ్లి తర్వాత పేరు మారడం తెలుగు మహిళలకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు. పౌరసత్వ పత్రం మీద ఉన్న పేరును సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలోనూ, లైసెన్సులోనూ ఒకేలా చేయించుకున్నాక ఫారం నింపితే సగం తలనొప్పి తగ్గుతుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది పౌరులు కాని వారికి. ఎఫ్-1, హెచ్-4 వీసాల మీద ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఈ ఫారం నింపకూడదు. లైసెన్సు తీసుకునేటప్పుడు స్క్రీన్ మీద అడిగినా 'కాదు' అనే చెప్పాలి. తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు చేస్తే, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అని అడుగుతారు. తెలియక చేసిన సంతకం కూడా దేశం వదిలి వెళ్లే పరిస్థితి తేవచ్చు. కాబట్టి బల్ల దగ్గర వాలంటీరు మొదటి మాటగా పౌరసత్వ నిబంధన చెప్పాలి. ఎదుటివారి తరఫున ఆ గడిలో టిక్ పెట్టకూడదు, 'ఫర్వాలేదు, పెట్టేయండి' అనకూడదు. ఓటు లేని విద్యార్థులకు చేసే పని లేకపోలేదు. ప్రదర్శన తయారీ, చరిత్ర ప్రసంగం, తరగతుల ఏర్పాట్లు వాళ్లు నిక్షేపంగా చూసుకోవచ్చు.

ఇంగ్లిష్ చదవలేని అమ్మలకు, అత్తయ్యలకు మరో సంగతి చెప్పాలి. ఓటింగ్ హక్కుల చట్టం 208వ సెక్షన్ ప్రకారం చూపు లేక, వైకల్యం వల్ల, లేదా చదవడం రాయడం రాక సాయం కావాల్సినవారు తమకు నచ్చిన మనిషిని పోలింగ్ బూత్‌లోకి తోడు తీసుకెళ్లవచ్చు. యజమాని, అతని ప్రతినిధి, తమ యూనియన్ ప్రతినిధి మాత్రం పనికిరారు. కొడుకు, కోడలు, పక్కింటావిడ ఎవరైనా సరే.

చివరిగా, కాలేజీ తన గురించే తాను చెప్పుకోవడం మరిచిపోతోంది. టెక్సాస్‌లో ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతాల తెలుగు పిల్లలు చదివే కాలిన్ కాలేజీకి ట్రస్టీలను (బోర్డు సభ్యులను) ఎన్నుకునేది స్థానిక ఓటర్లే. ఆస్తి పన్నులో కొంత ఆ కాలేజీకే వెళ్తుంది. కాలిఫోర్నియాలో, ఇలినాయ్‌లోని చాలా కమ్యూనిటీ కాలేజీల్లోనూ ట్రస్టీలు ఎన్నికవుతారు. చాలా చోట్ల ఫీజు ఎంత ఉండాలో, సాయంత్రం తరగతులు నడవాలో లేదో, పిల్లల సంరక్షణ కేంద్రం ఉంచాలో తీసేయాలో చెప్పే బోర్డు ఇదే. ఆగస్టు 26 ప్రదర్శనలో తర్వాతి ట్రస్టీల ఎన్నిక తేదీ, దానికి నమోదు గడువు, నమూనా బ్యాలెట్ ఒక బోర్డు మీద పెట్టాలి.