గాలికి ఐదు రూపాయలు

మా మేనకోడలి పెళ్లికి వెళ్లడానికి నాకు రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, పదకొండేళ్లుగా నేను వీల్‌ఛైర్‌లో ఉన్నాను. రెండు, మా బావకి నేనంటే ప్రాణం. మొదటిదానికి ఎప్పుడో అలవాటు పడిపోయాను.

పెళ్లి పది రోజులుందనగా బావ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, మండపం మూడడుగుల ఎత్తు. నువ్వేం టెన్షన్ పడకు. నీకోసం స్పెషల్‌గా ర్యాంపు చేయిస్తున్నా."

"బావా, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడుగు ఉండాలి. అదీ లెక్క. మూడడుగులంటే ముప్పై ఆరడుగులు."

"ముప్పై ఆరా! అప్పుడు నువ్వు వంటశాలలో బయల్దేరాల్రా. నాకు వదిలెయ్."

వదిలేశాను. మా బావకి ఒక పని వదిలేయడమంటే పిల్లి దగ్గర పెరుగుకుండ వదిలేయడమే. కానీ వెళ్లక తప్పదు. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాల్సింది మేనమామ. ఆ పిల్లకి ఉన్న మేనమామని నేనొక్కణ్ణే. మా తమ్ముడున్నాడు గానీ, దుబాయ్‌లో ఉన్నాడు కాబట్టి లెక్కలోకి రాడు.

సికింద్రాబాద్‌లో రాత్రి బండి ఎక్కాం. తోడు మా తమ్ముడి కొడుకు. నాలాగా తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్లకి రైల్వేవాళ్లు థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ ఇస్తారు. తోడొచ్చే మనిషికీ అంతే. దాంతో నాకు తోడు రావడానికి మా వంశంలో పోటీ ఎక్కువ. ఒకసారి సెకండ్ ఏసీ తీద్దామన్నాను. అందులో 50 శాతమేనని తెలిసిన సాయంత్రమే ముగ్గురికి నడుంనొప్పి వచ్చింది.

కుర్చీ మడిచి వాష్‌బేసిన్ పక్కన పెట్టాం. తెల్లారి చూస్తే ఒకాయన దాన్ని విప్పుకుని, కాళ్లు చాపుకుని గురక పెడుతున్నాడు. లేపితే, "ఇది మీదా అండీ? ఆయ్, భలే సుఖంగా ఉందండీ" అన్నాడు. దిగేటప్పుడు ఎక్కడ కొన్నామో కూడా అడిగాడు.

ప్లాట్‌ఫారం మీద టీ కొట్టతను నా వంక చూసి, మావాణ్ణి అడిగాడు, "ఆయనకి పంచదార వేయమంటారా?" అని. కుర్చీలో కూర్చున్నవాడికి చెవులు కూడా పనిచేయవని లోకానికి గట్టి నమ్మకం. వేయమని నేనే చెప్పాను. అతను మళ్లీ మావాడి వంకే చూశాడు, అనువాదం కోసం. అంతలో ఒక పెద్దావిడ వచ్చి నా చేతిలో పది రూపాయల నోటు పెట్టి, నెత్తి మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది. వద్దనే లోపే జనంలో కలిసిపోయింది. "టీ ఖర్చు వచ్చేసింది పెదనాన్నా" అని మావాడు ఆ నోటు జేబులో వేసుకున్నాడు.

కల్యాణ మండపం చేరేసరికి ఏడున్నర. ముహూర్తం 10 గంటల 42 నిమిషాలకి. లుంగీ, పాత చొక్కాతో టిఫిన్ తింటుంటే బావ వచ్చేశాడు. "పట్టుబట్టలు కట్టుకోకముందే ఒకసారి ట్రయల్ చూద్దాంరా."

ర్యాంపు చూశాను. ప్లైవుడ్‌తో చేసింది. పొడుగు ఏడడుగులు. పైన ఎర్ర తివాచీ, రెండు పక్కలా బంతిపూలు. చిన్నపిల్లలు అప్పటికే జారుడుబల్లగా ఖాయం చేసుకుని వరుసలో నిలబడ్డారు. బావ వాళ్లని తోలేసి, నా వెనక నిలబడి, "హైలెస్సా" అని నెట్టాడు. సగం దూరం ఎక్కామో లేదో టప్పుమని శబ్దం. తర్వాత సుయ్యిమని దీర్ఘం. తివాచీ కింద నుంచి రెండంగుళాల మేకు ఒకటి తల పైకెత్తి నా కోసమే కాచుకుని ఉంది.

"స్పెషల్‌గా చేయించావు బావా" అన్నాను. ఇంకేం అనలేదు. అక్క పక్కనే ఉంది.

రోడ్డుకి అవతల వేపచెట్టు కింద సైకిల్ షాపు. షాపాయన స్పానర్ల డబ్బా తెచ్చాడు. నా కుర్చీ చక్రానికి అవేం అక్కర్లేదు. మధ్యలో ఉన్న బటన్ నొక్కి లాగితే చక్రం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. "ఓర్నాయనో, ఇది సైకిలుకి పెడితే దొంగలకి పండగేనండీ" అన్నాడు. నన్ను ఎత్తి చెట్టుకి ఆనుకునేలా ఒక చెక్కపెట్టె మీద కూర్చోబెట్టారు. ఒంటిచక్రం కుర్చీని షాపు వెనక్కి చేరేశారు.

ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, తొట్టి నీళ్లలో ముంచితే రెండు చోట్ల బుడగలు. మేకు ఇటునుంచి దూరి అటు బయటికి వచ్చింది. బెజ్జాల చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ తీసి నొక్కాడు. అందులోంచి గాలి వచ్చింది. నా ట్యూబులో ఉండాల్సిన గాలి అందులో ఉంది. షాపాయన, మావాడు బండేసుకుని సెంటర్‌కి వెళ్లారు, సొల్యూషన్ కోసం. "రెండు నిమిషాలండీ" అన్నాడు. గోదావరి జిల్లాలో రెండు నిమిషాలంటే ఎంతసేపో ఆ జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు.

మొదట ఒక బడి పిల్లాడు వచ్చాడు. "అంకుల్, గాలి."

"నేను లేవలేను నాన్నా."

"కాళ్లు పనిచేయవా? అయితే పంపు నేను తొక్కిపెడతా, మీరు కొట్టండి."

ఎంత తేలిగ్గా తేల్చేశాడో! వాడు అడుగున తొక్కిపెట్టాడు, నేను కూర్చునే కొట్టాను. పదకొండేళ్లు చక్రాలు తిప్పిన భుజాలు, పంపుకి నేనేం తీసిపోను. వాడు వెళ్లి ఇంకో ముగ్గుర్ని తెచ్చాడు. నాకూ ఊపొచ్చింది. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి, పక్కన డబ్బాలో ఇరవై రూపాయలు పడ్డాయి. ఇంత కాలం ఉద్యోగం చేశాను గానీ, నా బోణీ ఇంత చురుగ్గా జరగడం అదే మొదటిసారి.

అప్పుడొచ్చాడు పెద్దమనిషి, మోపెడ్ మీద. తెల్ల పంచె, మెడలో గొలుసు, చేతికి వాచీ.

"వెనక చక్రంలో గాలి కొట్టవోయ్."

"షాపాయన ఇప్పుడే వస్తాడండీ."

"నువ్వున్నావుగా!"

"బండి కొంచెం దగ్గరికి జరపండి, నేను లేవలేను."

నన్ను ఎగాదిగా చూశాడు. "లేవలేవా? పొద్దున్నే మొదలెట్టేశావా? ఇంత మనిషివి, భుజాలు చూస్తే ఎద్దులా ఉన్నావు. చెట్టుకి జారగిలబడి జమీందారులా కూర్చుంటే షాపు నడుస్తుందా? ఏం కాలం వచ్చిందిరా బాబూ!"

నాకు కోపం రావాలి. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల భలే ఉంది. పదకొండేళ్లలో నన్నెవరూ బద్ధకస్తుడనలేదు. ఒకప్పుడు మా నాన్న రోజూ అనేవాడు. ఇంకో రెండు తిట్లు తిడతాడేమోనని ఆశగా చూశాను. ఆయన విసుక్కుంటూ బండి జరిపాడు, పిల్లాడు పంపు తొక్కిపెట్టాడు, నేను కొట్టాను.

"ఐదు రూపాయలండీ."

"చిల్లర లేదు. తర్వాతిస్తాలే" అని వెళ్లిపోయాడు.

షాపాయన వచ్చేసరికి పది దాటింది. రెండు ప్యాచీలు పడేసరికి మండపంలోంచి బావ కేకలు రోడ్డు దాకా వినిపిస్తున్నాయి. "మేనమామ ఎక్కడ?" అని పంతులుగారు మైకులో అడుగుతున్నారు. షాపాయన నా దగ్గర డబ్బులు తీసుకోలేదు, పైగా డబ్బాలో ఇరవై చూసి నన్ను రేపు కూడా రమ్మన్నాడు. మావాడు పరుగున తోసుకెళ్లాడు. లుంగీ మీదే పట్టుపంచె చుట్టారు. ర్యాంపు దగ్గర అందరూ నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు, కాబట్టి నలుగురు నన్ను కుర్చీతో సహా ఎత్తి మెట్ల మీద నుంచి మండపం ఎక్కించారు. బుట్ట మోసేవాళ్లు మోశారు, నేను పక్కన అంచు పట్టుకుని వచ్చాను. ఆల్బంలో ఆ ఫొటో చూడండి. తెల్లటి వెదురు బుట్ట మీద ఐదు నల్లటి వేళ్లు, ముద్ర గుద్దినట్టు.

భోజనాల దగ్గర మగపెళ్లివారి పెద్దని తెచ్చి మా ఎదురుగా కూర్చోబెట్టారు. తెల్ల పంచె, మెడలో గొలుసు, చేతికి వాచీ. పెళ్లికొడుకు పెదనాన్నట. నా మొహం చూశాడు, గుర్తుపట్టలేదు. కుర్చీ చూశాడు. చూడగానే మొహం మెత్తబడిపోయింది. మావాడి వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"పాపం, ఆయన తన చేత్తో తినగలరా బాబూ?"

"తినగలనండీ" అన్నాను. "మీరు గాలికి ఐదు రూపాయలు ఇవ్వాలి."

ఆయనకి గాలి సంగతి అర్థమైనట్టు లేదు. రూపాయల సంగతి అర్థమైంది. జాలిగా తలాడించి, జేబులోంచి పది రూపాయల నోటు తీసి మావాడి చేతిలో పెట్టాడు. మావాడు అలవాటు ప్రకారం జేబులో వేసుకున్నాడు.