పావు కిలోకు పది గ్రాములు తక్కువ

హనుమకొండ చౌరస్తాలో బండి దగ్గర నిలబడి నూడుల్స్ తింటున్నప్పుడల్లా మా పక్కింటి పెద్దమనిషి ఎటునుంచో ప్రత్యక్షమై ఒకే హెచ్చరిక చేస్తాడు: "తమ్మీ, అండ్ల టేస్టింగ్ సాల్ట్ ఉంటది. మెదడు కరిగిపోతది. ఎలుకల మీద పరీక్ష చేసి చెప్పిండ్రు."

చేసిన మాట నిజమే. టేస్టింగ్ సాల్ట్ అసలు పేరు మోనోసోడియం గ్లుటమేట్. గ్లుటమేట్ సూది చిట్టెలుక పిల్లల కంటి లోపలి పొరను (రెటీనాను) పాడుచేస్తుందని 1957లోనే తేలింది. ఆ కంటి సంగతి మళ్ళీ చూద్దామని బయలుదేరిన అమెరికా వైద్యుడు జాన్ ఓల్నీకి అనుకోకుండా మెదడులో చిల్లులు కనిపించాయి. పుట్టి రెండు నుంచి తొమ్మిది రోజులైన చిట్టెలుక పిల్లలకు మోనోసోడియం గ్లుటమేట్‌ను చర్మం కింద ఎక్కిస్తే మెదడులో ఆకలిని అదుపుచేసే హైపోథాలమస్ కణాలు గంటల్లోనే చచ్చిపోయాయని, రోజూ సూదులు పడ్డ పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ తినకుండానే ఒళ్ళు చేశాయని ఆయన 1969లో ప్రకటించాడు. అది గొప్ప పరిశోధన, అందులో నాకు పేచీ లేదు.

పెద్దమనిషి మాటను మన్నించి, ఆ ఫలితాన్ని ఆయన మీదే రాబట్టాలంటే ఏమేం కావాలో లెక్క వేశాను. ముందుగా ఆయన తొమ్మిది రోజుల పసికందు కావాలి, అదీ అరవై కిలోల పసికందు. ఓల్నీ ఆ పిల్లలకిచ్చిన పెద్ద మోతాదు ఒంటి బరువులో గ్రాముకు 4 మిల్లీగ్రాములు కనుక, మనవాడికి 240 గ్రాములు, అంటే పావు కిలోకు పది గ్రాములు తక్కువ. బండివాడు గరిటె పక్కనపెట్టి, ఆ ఉప్పును సీసాల కొద్దీ నీళ్ళలో కరిగించి, "సార్, హాఫా, ఫుల్లా? కుడి జబ్బకా, ఎడమ జబ్బకా?" అని వినయంగా అడగాలి. వెనక వరుసలో మంచూరియా కోసం నిలబడ్డవాళ్ళు "జర జల్ది కానియ్యన్నా" అని తొందరపెడుతుండగా, సీసా తరువాత సీసా ఆయన చర్మం కిందికి దిగాలి. నూడుల్స్‌లో కలిపి తింటే ఈ ముచ్చట జరగదు, ఎందుకంటే తిన్న గ్లుటమేట్‌లో చాలా భాగాన్ని పేగు కణాలే ఇంధనంగా కాల్చుకుంటాయి. ఆయనకు ప్రాణమైన టమాటా చారులోనూ గ్లుటమేటే ఉంటుంది. ఆ సంగతి చెప్పి ఆయన అన్నం చెడగొట్టే ధైర్యం నాకు లేదు.

ఇంత జాగ్రత్తగల మనిషి తుమ్ము వస్తే చాలు, గల్లీ చివరి డాక్టర్ దగ్గరికి నడిచి "గోలీలతోని తక్కువ కాదు, సూది వెయ్యి" అని జబ్బ చాపుతాడు. అందులో ఏముందని అడగడు. నూడుల్స్‌లో ఉప్పు పేరు అడిగిన నోరు అక్కడ పెగలదు.

మా మేనత్త మోకాళ్ళ నొప్పికి ఇలాంటి చోటే నెలల తరబడి స్టెరాయిడ్ సూదులు వేశారు. ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బింది, చుట్టాలు "అత్త మంచిగైంది, రంగు తేలింది" అని మురిశారు. ఎలుకలకు మూడు నెలలపాటు రోజూ కార్టికోస్టెరాన్ అనే స్టెరాయిడ్ ఎక్కిస్తే, జ్ఞాపకాలు నిలిపే మెదడు భాగమైన హిప్పోకాంపస్‌లో కణాలు తగ్గిపోయాయని 1985లోనే అచ్చయింది. ఎలుక మెదడు మా అత్త మెదడు కాదని నాకూ తెలుసు. కానీ చదువురాని ఒక ముసలామెకు, పేరు చెప్పకుండా, చీటీ రాయకుండా, పైసలు తీసుకుని ఏ మందు గుచ్చుతున్నావురా అని ఆ మనిషిని నిలదీసిన వాడు మా వీధిలో ఒక్కడూ లేడే! నేనూ నిలదీయలేదు, ఆటో మాట్లాడి నేనే తీసుకుపోయాను.

నిన్న సాయంత్రం పెద్దమనిషి మళ్ళీ కనిపించాడు. జబ్బ మీద దూది అదిమి పట్టుకుని, నా చేతిలోని ప్లేటు వైపు జాలిగా చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.