టూపాక్‌ని పిల్లలకే వదిలేయకండి

ఇక్కడ అమెరికాలో మన గెట్ టుగెదర్లలో పాటల టాపిక్ వస్తే ఘంటసాల దగ్గర మొదలై సిరివెన్నెల దగ్గర ఆగుతుంది. పై రూంలో పిల్లలు ఏం వింటున్నారని ఎవరైనా అడిగితే మాత్రం "ఏదో రాప్ అంట, అన్నీ బూతులే" అని చేతులు దులిపేసుకుంటాం. బూతులున్నాయి, కాదనను. కానీ ఆ బూతుల మధ్య పాడేవాడు ఏం చెప్తున్నాడో ఒక్కసారి కూడా వినకుండా తీర్పు ఇచ్చేస్తాం, అదీ ఏళ్ళ తరబడి ఈ దేశంలో ఉంటూ, ఇక్కడి బ్లాక్ అమెరికన్ల గురించి మనలో చాలామందికి తెలిసింది మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద వచ్చే సోమవారం సెలవు ఒక్కటే అయ్యుండి కూడా. అందుకే ఈసారి టూపాక్ షకూర్ అనే బ్లాక్ రాపర్ గురించి రాద్దామనిపించింది. 1996లోనే పోయాడు, అయినా మన పిల్లల ప్లేలిస్టుల్లో ఇంకా ఉన్నాడు.

అతని కథ అమ్మ దగ్గర మొదలుపెట్టాలి. అఫెని షకూర్ న్యూయార్క్‌లో, నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ మనిషి. బాంబులు పెట్టడానికి కుట్ర పన్నారని 21 మంది పాంథర్ల మీద కేసు పెడితే ఆవిడ లాయర్‌ని వద్దనుకుని కడుపుతో ఉండి కోర్టులో తన కేసు తనే వాదించుకుంది, 1971 మే నెలలో నిర్దోషిగా బయటికొచ్చింది, జూన్ 16న కొడుకు పుట్టాడు. స్పెయిన్ వాళ్ళ మీద తిరగబడి 1781లో ప్రాణాలు పోగొట్టుకున్న పెరూ నాయకుడు టూపాక్ అమారు పేరు పెట్టుకుంది. మనవాళ్ళు పిల్లాడికి అల్లూరి పేరు పెట్టుకుంటారు చూడండి, అలాగ. ఆ తర్వాత బాల్టిమోర్‌లో ఆర్ట్స్ స్కూల్లో చేరి నాటకం, కవిత్వం, బ్యాలే కూడా నేర్చుకున్నాడు. పొట్ట మీద 'థగ్ లైఫ్' అని పచ్చబొట్టు వేయించుకున్న మనిషి బ్యాలేలో ఎలుకల రాజు వేషం కట్టాడంటే మా అబ్బాయి నమ్మలేదు. 1988లో కాలిఫోర్నియాలో మారిన్ సిటీకి మారారు, అప్పటికి అంత ధైర్యంగా కోర్టులో నిలబడిన తల్లి క్రాక్ అనే కొకైన్ మత్తుకి అలవాటు పడిపోయింది. ఈ పిల్లాడు డిజిటల్ అండర్‌గ్రౌండ్ అనే బ్యాండ్ వెనక సామాన్లు మోస్తూ, స్టేజి మీద డాన్సులు వేస్తూ పైకొచ్చాడు.

నా దృష్టిలో టూపాక్ గొప్పతనం తుపాకుల్లో లేదు, చావులోనూ లేదు. పేపర్లో మూడు లైన్ల వార్తగా పోయే మనిషిని తీసుకుని పేరు పెట్టి కూర్చోబెట్టి కథ చెప్తాడు, అదీ అతని విద్య. 1991లో మొదటి ఆల్బమ్‌లో బ్రెండా పాట ('బ్రెండాస్ గాట్ ఎ బేబీ') వినండి. పన్నెండేళ్ళ పిల్ల బిడ్డని కని చెత్తకుండీలో పడేసిందని పేపర్లో చదివి రాసిన పాట అది. మామూలు పాటలా పల్లవి చరణం పల్లవి అని ఉండదు, ఊపిరి తీసుకోకుండా ఒకటే కథ. తన పేరు కూడా సరిగ్గా రాయడం రాని పిల్ల, నాన్న మత్తులో, కడుపు చేసింది సొంత కజిన్, బాత్రూంలో ఒక్కతే కాన్పు. పడేసిన బిడ్డ ఏడుపు విని మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటుంది కూడా. ఇంట్లోంచి గెంటేశాక ఏం చేసిందో, చివరికి ఏమైందో అదే గొంతుతో, ఎక్కడా ఏడవకుండా చెప్పుకుంటూ పోతాడు. ఆ పిల్లది తప్పు అనే మాట అందులో ఒక్కచోట కూడా ఉండదు, ఇది బ్రెండా ఒక్కదాని గొడవ కాదు, మొత్తం వాడకే తగిలేది అని మొదట్లోనే చెప్పేస్తాడు. గద్దర్ పాటలు విని పెరిగినవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించకూడదు. మరుసటి ఏడాది అప్పటి వైస్ ప్రెసిడెంట్ డాన్ క్వేల్ ఈ ఆల్బమ్‌కి మన సమాజంలో చోటు లేదన్నాడు. ఆయన బ్రెండా పాట విన్నాడో లేదో మరి.

1993లో ఆడవాళ్ళకి ధైర్యం చెప్తూ 'కీప్ యా హెడ్ అప్' అని ఒక పాట చేశాడు, దాన్ని లటాషా హార్లిన్స్ అనే పదిహేనేళ్ళ పిల్లకి అంకితమిచ్చాడు. 1991 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో కిరాణా కొట్టుకెళ్ళి ఒక ఆరెంజ్ జ్యూస్ బాటిల్ బ్యాగులో పెట్టుకుంది, దొంగతనం అనుకుని కౌంటర్‌లో ఉన్నావిడ గొడవపడి, ఆ పిల్ల వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంటే తలలో కాల్చేసింది. జ్యూస్ ఖరీదు రెండు డాలర్లు కూడా లేదు, డబ్బులు పిల్ల చేతిలోనే ఉన్నాయి. కాల్చినావిడకి ఒక్కరోజు కూడా జైలు శిక్ష పడలేదు, ప్రొబేషన్ ఇచ్చి పంపించారు. ఆవిడ కొరియా నుంచి వలస వచ్చినావిడ, అంటే మనలాగే ఇమిగ్రెంట్. మనవాళ్ళు ఎంతమంది గ్యాస్ స్టేషన్లు, లిక్కర్ షాపులు నడుపుతున్నారో, మన స్టూడెంట్లు ఎంతమంది ఆ కౌంటర్ల వెనక రాత్రిపూట భయం భయంగా నిలబడుతున్నారో మనకి తెలుసు, కాల్పుల్లో పోయిన మన పిల్లల వార్తలూ చదివాం. ఆ భయం నిజమే. కానీ కౌంటర్‌కి అవతల వైపు నిలబడ్డ పిల్లకి ఎలా ఉంటుందో మనకి చెప్పేవాళ్ళు ఎవరు? టూపాక్ చెప్తాడు. మనం వినాల్సిన మొదటి కారణం నాకైతే ఇదే.

ఇక్కడ మన సంఘాలకి ఒక చిన్న చురక. కల్చరల్ ప్రోగ్రాంకి పిల్లలెవరైనా రాప్ ఐటెమ్ ఇస్తామంటే లిరిక్స్ ముందు పంపమంటారు, తప్పులేదు, పంపాల్సిందే. మరి ఎనిమిదేళ్ళ పిల్లల చేత ఐటెం సాంగులకి డాన్సు చేయించేటప్పుడు ఆ లిరిక్స్ ఎవరు చదువుతున్నారు? ముందు వరసలో తాతయ్యలు కూర్చుని చప్పట్లు కొడతారు. రూల్ పెడితే అందరికీ పెట్టండి, సినిమా పాటలతో సహా.

అతను దేవుడేం కాదు, ఈ మాట అభిమానులకి నచ్చదు కానీ చెప్పాలి. ఆడవాళ్ళ గురించి అంత బాగా రాసిన మనిషే లైంగిక వేధింపు కేసులో దోషిగా తేలాడు. 1994 నవంబర్ 30న మాన్‌హాటన్‌లో స్టూడియో లాబీలో అతని మీద కాల్పులు జరిగాయి, మర్నాడు కట్లతో వీల్‌చెయిర్‌లో కోర్టుకొస్తే జ్యూరీ కొన్ని ఆరోపణలు కొట్టేసి, ఒక అమ్మాయి ఒంటి మీద ఆమెకి ఇష్టం లేకుండా చేయి వేశాడన్నది నిజమేనంది. తను చేయలేదనే చివరిదాకా అన్నాడు. అభిమానులు చెప్పుకునే కథల్లో బుల్లెట్లే ఉంటాయి గానీ ఆ అమ్మాయి ఉండదు. పిల్లలకి టూపాక్ గురించి చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పండి, పాట వేరు మనిషి వేరు అని దాటేయకుండా.

అతను జైల్లో ఉండగానే 1995లో కొత్త ఆల్బమ్ నంబర్ వన్‌కి వెళ్ళింది, అందులోదే అమ్మ పాట, 'డియర్ మామా'. మన సినిమాల్లో అమ్మ పాట అంటే తెలుసుగా, అమ్మ తప్పే చేయదు, త్యాగం తప్ప ఇంకేం ఉండదు. ఇతను మా అమ్మ క్రాక్‌కి బానిస అని లోకం మొత్తం ముందు అంటాడు, అన్న వెంటనే అయినా నువ్వు నాకు మహారాణివే అంటాడు. వెల్ఫేర్ డబ్బుల మీద ఒక్కతే ఇంత చేశావని లెక్క చెప్పి మరీ దండం పెడతాడు. మచ్చ దాచకుండా అమ్మని ఇంత పొగిడిన పాట నేను ఇంకోటి వినలేదు. దాన్ని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది కూడా.

ఆ తర్వాత డెత్ రో రికార్డ్స్ అనే పాటల కంపెనీ నడిపే షూగ్ నైట్ బెయిల్‌కి ఏర్పాటు చేసి బయటికి తేవడం, న్యూయార్క్ రాపర్లకీ కాలిఫోర్నియా రాపర్లకీ మధ్య ఈస్ట్ కోస్ట్ వెస్ట్ కోస్ట్ గొడవలు, న్యూయార్క్ రాపర్ బిగ్గీని ఇంటి ఆడవాళ్ళతో సహా తిడుతూ పాట, ఈ భాగం నాకు నచ్చదు. 1996 సెప్టెంబర్ 7న లాస్ వేగాస్‌లో టైసన్ ఫైట్ చూసి వెళ్తుంటే కారులోనే కాల్చారు, 13న చనిపోయాడు. 25 ఏళ్ళు. ఆరు నెలలకి బిగ్గీని కూడా చంపేశారు. వేగాస్ కేసులో ఒకణ్ణి అరెస్టు చేయడానికి 2023 దాకా పట్టింది. టూపాక్ బతికే ఉన్నాడు, క్యూబాలో ఉన్నాడు అనే కబుర్లు మాత్రం ఆగలేదు.

పోయాక అతని బొమ్మ ఒక దారిన, మాట ఒక దారిన పోయాయి. సియెరా లియోన్ అంతర్యుద్ధంలో తుపాకులు పట్టిన కుర్రాళ్ళు టూపాక్ టీషర్టులు వేసుకుని తిరిగారు, అది బొమ్మ. 1997లోనే బర్క్‌లీ యూనివర్సిటీలో అతని కవిత్వం మీద క్లాసు పెట్టారు. ఇప్పటి రాపర్ కెండ్రిక్ లామార్ ఎనిమిదేళ్ళప్పుడు కాంప్టన్‌లో టూపాక్ పాట వీడియో షూటింగ్ చూసినవాడు, 2015లో టూపాక్ పాత ఇంటర్వ్యూ గొంతు తీసుకుని అతనితో మాట్లాడుతున్నట్టే ఆల్బమ్ ముగించాడు, 2018లో పులిట్జర్ బహుమతి తెచ్చుకున్నాడు. ఇది మాట.

వినాలనుకునేవాళ్ళు అమ్మ పాటతో మొదలుపెట్టండి, తర్వాత లటాషా కోసం చేసిన పాట, తర్వాత అతను పోయాక 1998లో వచ్చిన 'ఛేంజెస్'. అందులో బ్లాక్ ప్రెసిడెంట్‌ని చూడటానికి ఈ దేశం ఇంకా రెడీగా లేదంటాడు, అక్కడ పాజ్ చేసి పిల్లలతో ఒబామా గురించి మాట్లాడుకోవచ్చు. బ్రెండా పాట హైస్కూల్‌కి వచ్చాక, మీరు పక్కనే కూర్చుని వినిపించండి. డెత్ రో రోజుల తిట్ల పాటల సంగతి అడగకండి, అవి వాళ్ళు మనకంటే ముందే వినేసుంటారు.