సర్వరోగ నివారిణి తెల్ల టేపు

మరల్లోంచి నీళ్లు కారకుండా చుట్టే తెల్ల టేపు వెళ్లని చోటు మన దేశంలో లేదు. వంటింటి కుళాయి, బాత్రూం షవరు, డాబా మీద ట్యాంకు, తాజాగా మా నాన్నగారి అంబాసిడర్ ఇంజిన్. అది ప్లంబర్ల సొత్తని ఇన్నేళ్లూ అనుకున్నాను. అజ్ఞానం.

ఇంజిన్ బ్లాకులో బేరింగులకు ఆయిల్ వెళ్లే దారుల్ని ఫ్యాక్టరీలో డ్రిల్లుతో తొలుస్తారు. బయటికి తెరుచుకున్న కన్నాలను చిన్న ప్లగ్గులతో మూస్తారు. ఇంజిన్ ఓవరాలింగుకు విప్పినప్పుడు వాటిని తీసి, లోపల బ్రష్షు దూర్చి, ఏళ్లనాటి మడ్డి కడిగి మళ్లీ మూయాలి. ఇంతే సంగతి. బంపరు మెరుగుకు నాలుగు రోజులు తీసుకున్న మా మేస్త్రి దీన్ని నాలుగు నిమిషాల్లో తేల్చేశాడు.

పాత ఇత్తడి ప్లగ్గు తొలిచి తీసి, మర కోసే పనిముట్టు, అదే బ్రిటిష్ ట్యాపుతో, కన్నంలో మరలు కొట్టాడు. డబ్బాలో దొరికిన ప్లగ్గేమో అమెరికా మరది. ఆ సైజులో అమెరికా మరకు అంగుళానికి 27 చుట్లు, బ్రిటిష్ మరకు 28. రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. "ఒక్క చుట్టేగా సార్ తేడా" అన్నాడు, జాతకాల్లో ఒక్క దోషమేగా అన్నట్టు. ఆ దోషానికి శాంతిగా టేపు తీశాడు. గాలిపటం దారం చుట్టినంత శ్రద్ధగా ఆరు చుట్లు చుట్టి, స్పానరుకు గొట్టం తొడిగి మరీ బిగించాడు.

ఇక ప్రారంభోత్సవం. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. డాలస్ నుంచి వీడియో కాల్లో మా తమ్ముడు. కొబ్బరికాయ మా బాబాయి కొట్టాడు, మూడో దెబ్బకు పగిలింది. తాళం తిప్పగానే ఆయిల్ ప్రెషర్ లైటు ఎర్రగా వెలిగి, క్షణంలో ఆరింది. చప్పట్లు! "లైటు ఆరిందా లేదా?" అని మేస్త్రి అందరి వైపూ చూశాడు. మా పిన్ని బానెట్‌కు హారతిచ్చి, అదే ఊపులో మేస్త్రికీ ఇచ్చింది. ఆయన కళ్లకద్దుకుని పళ్లెంలో పది రూపాయలు వేశాడు. బాబాయి ఆయన్ని డాక్టరుతో పోల్చి రెండు మాటలు మాట్లాడాడు. తమ్ముడు డాలస్‌లోనే కళ్లు తుడుచుకున్నాడు.

అరవై కిలోమీటర్లకు కింది నుంచి టకటకలు మొదలయ్యాయి. విప్పితే మూడో పిస్టన్ కడ్డీ (కాన్‌రాడ్) బేరింగు కాలి నల్లబడింది. క్రాంకులోని ఆయిల్ కన్నంలో గోటి ముక్కంత తెల్లటి పీలిక. ఫిల్టరు దాటాక ఉండే దారి కాబట్టి దాన్ని ఆపేవాడు లేడు. లైటుకు తెలిసేది అది తగిలించిన చోట ప్రెషరే, మూడో బేరింగు దాహం దానికేం తెలుసు?

మేస్త్రి ఆ పీలికను చూసి, నన్ను చూసి, "పాత బండి కదా సార్, అంతే" అన్నాడు.

పాత బండా? ఆ ఇత్తడి ప్లగ్గు 1974లో ఫ్యాక్టరీలో ఎవరో పేరు తెలియని మనిషి కొట్టింది. యాభై ఏళ్లలో చుక్క కారలేదు! నీది అరవై కిలోమీటర్లు ఆగలేదు. మా నాన్న ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి, పాత బనియను ముక్కతో తుడిచి, కళ్లజోడు పైకెత్తి చూసేవాడు. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది, ఈ బ్లాకు పగిలితే ఎక్కణ్నుంచి తెస్తావు? కొస సన్నగా ఉండే ఈ టేపర్ ప్లగ్గు చీలలాంటిది, గొట్టం తొడిగి బిగిస్తే పోత ఇనుము నెర్రె ఇస్తుంది. మర కలిసిందా లేదా చేత్తో తిప్పి చూడాలి. నూనె తుడిచి, మొదటి చుట్టు వదిలేసి, గాలి తగలని చోట గట్టిపడే సీలెంటు రెండు చుక్కలు రాయాలి. ప్లగ్గు మరీ లోపలికి పోయి పక్క దారికి అడ్డం పడిందేమో తీగ దూర్చి చూడాలి. పది నిమిషాల పని. పది నిమిషాలు!

ఇవేవీ పైకి అనలేదు. బిల్లు అడిగాను. మొదటిసారి ఇచ్చిన చీటీనే మళ్లీ తీసి కింద కొత్త లేబరు కలిపాడు. దాని పైన పాత పద్దు అలాగే ఉంది: టేపు, 20 రూపాయలు.