ఎఫ్5కి ఒక్కరోజైనా సెలవివ్వండి

కీబోర్డు పై వరసలో ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా పన్నెండు మంది ఉద్యోగులున్నారు. చాకిరీ అంతా ఒక్క ఎఫ్5దే. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు ఎడమ పక్కన పది మందే ఉండేవారు. తర్వాత ఇద్దరిని కొత్తగా చేర్చుకుని, అందరినీ పై వరసకు బదిలీ చేశారు. అయినా ఎఫ్5 బరువు తగ్గలేదు.

సిస్టమ్ నెమ్మదించిందా, డెస్క్‌టాప్ మీద ఎఫ్5 టకటకా అరడజను సార్లు. ర్యామ్ (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) కడిగి ఆరేసినట్టు మనకో తృప్తి. పాపం అది చేసేది ఐకాన్లను మళ్లీ గీయడమే. ర్యామ్ జోలికే పోదు. ఇక ఇంటర్ ఫలితాల రోజు సంగతి చెప్పాలా? నొక్కిన ప్రతిసారీ సర్వర్‌కు ఇంకో విన్నపం వెళ్తుంది. పేజీ రావట్లేదని నొక్కుతాం, అందరం నొక్కుతున్నాం కాబట్టి అది రాదు. కొందరు మేధావులు కంట్రోల్ కూడా కలుపుతారు. అప్పుడు బ్రౌజర్ తను దాచుకున్న కాపీని పక్కన పడేసి, బొమ్మలతో సహా అన్నీ మళ్లీ సర్వర్‌నే అడుగుతుంది. మునిగే పడవలోకి మరో బస్తా అన్నమాట.

పనిలేక కూర్చున్నవాళ్లలో ఎఫ్4ది మరీ అన్యాయం. ఎక్సెల్‌లో ఈ1 గడిలో జీఎస్టీ శాతం పెట్టి, =బీ2*ఈ1 అని రాసి కిందికి లాగితే తర్వాతి వరసలో ఈ1 కాస్తా ఈ2 అయిపోతుంది. అక్కడేమీ లేదు కాబట్టి పన్ను సున్నా. ప్రభుత్వం కూడా ఇవ్వని రాయితీ! ఫార్ములాలో ఈ1 మీద కర్సర్ ఉంచి ఎఫ్4 ఒక్కసారి నొక్కితే రెండు డాలర్ గుర్తులు పడతాయి, గడి కదలదు. రెండోసారి నొక్కితే అడ్డు వరస మాత్రమే, మూడోసారికి నిలువు వరస మాత్రమే స్థిరం. నాలుగోసారికి మళ్లీ మొదటికి. ల్యాప్‌టాప్‌లో డాలర్లకు బదులు సౌండ్ పోయిందా? ఎఫ్ఎన్ (Fn) మీట కూడా కలిపి నొక్కండి. ఆల్ట్ మాత్రం కలపకండి, ఎక్సెలే మూసుకుపోతుంది.

ఫైలు పేరు మార్చడానికి కుడి క్లిక్కు కొట్టి మెనూలో వెతుక్కునే జనం ఎఫ్2 వైపు కన్నెత్తి చూడరు. నొక్కి పేరు రాసి ట్యాబ్ కొడితే తర్వాతి ఫైలు పేరే వచ్చి నిలబడుతుంది. 'ఫైనల్', 'ఫైనల్_2', 'అసలు ఫైనల్' అని పెట్టుకునేవాళ్లకు ఇంతకు మించిన సేవ ఏముంటుంది?

పవర్‌పాయింట్‌లోనైతే ఎఫ్5 పగ తీర్చుకుంటుంది. ఇరవై మూడో స్లైడు దగ్గర షో ఆగిపోతే కంగారులో దాన్నే నొక్కుతారు. అది తిన్నగా 'అందరికీ స్వాగతం' దగ్గరికి తీసుకెళ్తుంది. ఉన్నచోటి నుంచే సాగాలంటే షిఫ్ట్ కలపాలి.

ఈ వరసకు న్యాయం చేస్తున్నది టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వాడే అకౌంటెంట్లే. ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్, తేదీ మార్చాలంటే ఎఫ్2. మౌస్ ముట్టరు. అక్కడ ఎఫ్5 కూడా గౌరవంగానే బతుకుతోంది, పేమెంట్ వోచర్ దానిదే. 'ఏంటయ్యా, స్లోగా ఉంది' అంటూ ఓనరుగారు వచ్చి వోచర్ స్క్రీన్ మీద దాన్ని నొక్కకపోతే చాలు.