చెక్క ఎర మీద వేసిన రంగు నీటిని ఆపుతుందా?

చేపల్ని పట్టే గాలానికి చేప ఆకారపు చెక్క ఎరల్ని సొంతంగా చెక్కుకునేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. "చెక్కకి సీలర్ (నీరు పీల్చకుండా రంగుకి ముందు పట్టించే పూత) పట్టించడం దండగ, యాక్రిలిక్ రంగు ఆరితే అదే వాటర్‌ప్రూఫ్. పైన నెయిల్ పాలిష్ రెండు కోట్లు కొడితే ఏళ్లు నిలుస్తుంది. ఎపాక్సీయే (రెండు భాగాలు కలిపి వాడే రెసిన్ పూత) వాడాలనుకుంటే హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే భాగం) కాస్త ఎక్కువ పోయండి, తొందరగా గట్టిపడుతుంది." ఇది నమ్మి, ఎంతో ఓపిగ్గా చెక్కిన ఎరల్ని కొత్తవాళ్లు పాడుచేసుకుంటున్నారు. నాకు బాధ అదే.

యాక్రిలిక్ ఆరాక నీళ్లలో కరగదు, నిజమే. కానీ కరగకపోవడం వేరు, నీటిని ఆపడం వేరు. ఆ పల్చటి పొర గుండా తేమ మెల్లగా లోపలికి పోతుంది. పైగా ఈ రంగులోనే నీళ్లుంటాయి కాబట్టి, సీలర్ లేని చెక్క మీద వెయ్యగానే నార లేచి, నున్నగా రుద్దినదంతా మళ్లీ గరుకెక్కుతుంది. బాల్సా లాంటి మెత్తటి చెక్కయితే మరీ పీల్చేస్తుంది.

అసలు నీరు ఎక్కువగా చొరబడేది పక్కల నుంచి కాదు. గాలం తగిలించే స్క్రూ చుట్టూ, మూతి కింద లిప్ (ఎరని నీటిలోకి దించే చిన్న పలక) దూర్చే గాడిలో, తల, తోక కొసల్లో. కొసల దగ్గర చెక్క నాళాలు తెరుచుకుని ఉంటాయి. నా ఎర ఒకటి ఉన్నట్టుండి ఒక పక్కకి ఒరిగి ఈదడం మొదలుపెట్టింది. రంపంతో నిలువునా కోసి చూశాను. పక్కలు పొడిగానే ఉన్నాయి. పొట్ట కింద స్క్రూ చుట్టూ మాత్రం నల్లబడి, గోరు దిగేంత మెత్తగా అయిపోయింది. నీరు తాగిన చెక్క ఉబ్బుతుంది, ఉబ్బితే పైపూత పగులుతుంది, ఆ పగుల్లోంచి ఇంకాస్త నీరు.

అందుకే కన్నాలు, గాడి అన్నీ ముందే చేసుకోవాలి. ఆ తర్వాత పల్చటి సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ గానీ వాటి లోపలికి కూడా పట్టించి, గట్టిపడ్డాక సన్నటి సాండ్‌పేపర్‌తో రుద్ది, అప్పుడు తెల్ల బేస్ వెయ్యాలి. స్క్రూ మొనకి కూడా ఎపాక్సీ అద్దే బిగించండి. సూపర్ గ్లూ ఆవిరికి కళ్లు మండుతాయి, గాలి ఆడే చోట కూర్చోండి.

నెయిల్ పాలిష్‌ని నేను పూర్తిగా కాదనను. సీసపు జిగ్ తల (గాలానికి పోతపోసిన సీసపు గుండు) మీద కన్ను దిద్దడానికి బాగుంటుంది. పైపూతగా మాత్రం వద్దు. చాలా రకాల్లో పొర కట్టేది నైట్రోసెల్యులోజ్. దాన్ని కరిగించి ఉంచే ద్రావకం, మీరు మార్కర్‌తో గీసిన పొలుసుల్ని పులిమేస్తుంది. ఇంకో చిక్కు, ఎరగా వాడే మెత్తటి ప్లాస్టిక్ పురుగులతో. వాటిని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ ఈ పొరని కూడా మెత్తబరుస్తుంది. రెండూ ఒకే డబ్బాలో తగులుతూ ఉంటే, కొన్నాళ్లకి ఎర వీపు మీద పురుగు ఆకారం అచ్చుపడి, పట్టుకుంటే వేలికి రంగు అంటుకుంటుంది.

హార్డెనర్ సంగతి మరీ తప్పు. ఎపాక్సీ ఆరి గట్టిపడేది కాదు, రెండు భాగాలూ లెక్క ప్రకారం కలిసి గట్టిపడేది. ఎక్కువ పోసింది అలాగే మిగిలి, పూత జిగటగా ఉండిపోతుంది. డబ్బా మీద రాసిన కొలతే కొలత. నిజానికి నెమ్మదిగా గట్టిపడే రకమే మేలు, బుడగలు బయటికి పోవడానికి టైం ఉంటుంది. పూత జారకుండా నిలిచేదాకా ఎరని తిప్పుతూ ఉండాలి, లేకపోతే పొట్ట కింద చుక్క వేలాడుతుంది.

ఇప్పటికీ అనుమానంగా ఉంటే, ఒకే చెక్కలోంచి రెండు ముక్కలు కోసి, రెండింటికీ కన్నం పెట్టండి. ఒకదానికి రంగు మాత్రమే, రెండోదానికి కన్నం లోపలిదాకా సీలర్ పట్టించి పైన రంగు. తూచి, రాత్రంతా నీళ్లలో ముంచి ఉంచి, తుడిచి పొద్దున మళ్లీ తూచండి.