దగదర్తి సరే, దొనకొండ సంగతేమిటి?

అమెరికాలోని నెల్లూరు, ఒంగోలు వాళ్లం తెలుగు సంఘం సమావేశాల్లో కలిస్తే మాట ఎక్కడ మొదలైనా నెల్లూరు దగ్గర కట్టాల్సిన దగదర్తి విమానాశ్రయం దగ్గరికే చేరుతుంది. 2019లో శంకుస్థాపన జరిగింది. చెన్నైలో దిగి మళ్లీ కారెక్కే బాధ ఎప్పుడు తీరుతుందని అందరి బెంగ. న్యాయమైనదే. నా కోరిక మాత్రం ఇంకా చిన్నది: దొనకొండ పాత రన్‌వే బాగుచేసి, చిన్న విమానాలు ఎగిరేలా చేయాలి. దానికి స్థలం కూడా సిద్ధంగా ఉంది.

ఇక్కడ అమెరికాలో నాలాంటి ఉద్యోగి సెలవురోజు సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం అద్దెకు తీసుకుంటాడు. వాతావరణం చూసుకుని, ట్యాంకులో ఇంధనం కొలుచుకుని పల్లెల మీదుగా ఎగిరిపోతాడు. చాలాచోట్ల ఫ్లైట్ ప్లాను, అంటే ఎటు వెళ్తున్నామో ముందుగా రాసిచ్చే కాగితం కూడా ఇవ్వనక్కర్లేదు. ఏదో ఒక చిన్న ఊళ్లో దిగి, టిఫిను తిని, మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. పనేమీ లేదు, ఎగరడమే పని. మొక్కజొన్న చేలు ఎన్నని చూస్తాం? మన వైపు పైనుంచి ఎలా ఉంటుందో చూడాలని ఉంటుంది.

ప్రకాశం జిల్లా దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. స్థలం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీదే. సెస్నాకు కిలోమీటరు లోపు రన్‌వే చాలు. డిసెంబరులో, ఎండ ముదిరి కుదుపులు మొదలయ్యేలోపే లేచి పడమటికి తిరిగితే కంభం చెరువు. కొండల సందున గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి అంత నీటిని ఎలా నిలిపారో రోడ్డు మీద నుంచి అంతుపట్టదు, పైనుంచి ఒక్క చూపుకే తెలుస్తుంది. తూర్పున చీమకుర్తి గ్రానైట్ క్వారీలు మెట్లు మెట్లుగా దిగుతుంటాయి. ఆపైన పొగాకు బ్యారన్లు, రొయ్యల చెరువులు, బకింగ్‌హామ్ కాలువ, సముద్రం. తీరం వెంట రామాయపట్నం దాటి పెన్న దాకా వెళ్లవచ్చు. ఇంకా కిందికి శ్రీహరికోట. అటు ఆశ పెట్టుకోకూడదు.

ఇండియాలో ఫ్లైట్ ప్లాను, వాయు రక్షణ అనుమతి లేకుండా కదలలేమని తెలుసు. అవి ఉండనివ్వండి. అద్దంకి దగ్గర కొరిశపాడు వద్ద హైవే మీదే 4.1 కిలోమీటర్ల రన్‌వే వేసి, 2022 డిసెంబరులో వాయుసేన విమానాలతో పరీక్షించి చూసుకున్న దేశం మనది. చిన్న విమానానికి దారి చూపలేదా?

ఇది డబ్బున్నవాళ్ల సరదా అంటారు. కొంత నిజమే, కాదనను. కానీ 2023లో ఇండిగో 500, ఎయిరిండియా 470 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. వాటిని నడిపేవాళ్లు ఎక్కడో ఒకచోట ఇలాంటి చిన్న విమానంలోనే అక్షరాభ్యాసం చేయాలి. అలా నేర్పే ఫ్లయింగ్ క్లబ్బు ఒకటి దొనకొండలో ఉంటే దర్శి, పొదిలి పిల్లలు సైకిలు మీద వచ్చి చూసిపోతారు. వాళ్లలో కొందరైనా ఎక్కుతారు.

వచ్చే మహాసభల తీర్మానాల్లో దగదర్తి ఎలాగూ ఉంటుంది. దాని కింద దొనకొండ పేరూ రాయించండి. రన్‌వే బాగుచేసే ఖర్చులో ప్రవాసుల వాటా ఎంతో అక్కడే తేల్చుకుందాం.